పది గెలుపులు, పది ఓటములు... అయినా అతనే నంబర్ వన్!

2025 సీజన్‌లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ పేరు పక్కన పది గెలుపులు, పది ఓటములు ఉన్నాయి. సరిగ్గా సగానికి సగం. అయినా నేషనల్ లీగ్‌లో ఆ ఏటి మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అతనికే దక్కింది. అదీ అత్తెసరు మెజారిటీతో కాదు. ఓటు వేసిన 30 మంది బేస్‌బాల్ విలేకరులూ మొదటి స్థానంలో అతని పేరే రాశారు. అతని ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు, 1.97. వాళ్ళు చూసింది ఆ అంకెనే గాని గెలుపోటముల లెక్కను కాదు.

ఇప్పుడు 1987కి వెళ్దాం. హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఆడుతున్న నోలన్ రయన్‌కు అప్పటికే నలభై ఏళ్ళు. ఆ ఏడు నేషనల్ లీగ్ మొత్తంలో అందరికంటే తక్కువ ఈఆర్ఏ అతనిదే, 2.76. అందరికంటే ఎక్కువ స్ట్రైకౌట్లూ అతనివే, 270. కానీ గెలుపులు 8, ఓటములు 16. అతను విసురుతున్న రోజుల్లో ఆస్ట్రోస్ బ్యాటర్లు పరుగులు చేయలేదు, అంతే. సై యంగ్ ఓటింగ్‌లో అతనికి దక్కింది అయిదో స్థానం.

ఈ రెండు సీజన్ల మధ్య 38 ఏళ్ళు. పిచర్ చేసే పని మారలేదు, చూసేవాళ్ళ తూకంరాళ్ళు మారాయి. ఒక్క సీజన్‌ను తూచేటప్పుడు రాళ్ళు మార్చుకున్న ఇదే విలేకరులు, ఒక పిచర్ కెరీర్ మొత్తాన్ని తూచి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి పంపేటప్పుడు మాత్రం ఇప్పటికీ పాత రాళ్ళే వాడుతున్నారు. నా ఫిర్యాదు అదే. దానికి తోడు కొత్త రాళ్ళ మీద నాకు మరో అనుమానం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు అసలు ఈ ‘విన్’ అన్న లెక్కే విచిత్రంగా ఉంటుంది. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒకసారి మ్యాచ్ చూపిస్తూ, తెర మీద పిచర్ పేరు పక్కనున్న అంకెలు గెలుపోటములని చెప్పాను. ‘‘అదేంట్రా, బ్యాటింగు వాళ్ళు కొట్టకపోతే బౌలరు ఓడిపోయినట్టా?’’ అన్నారాయన. ఆ ప్రశ్న అడగడానికి ఇక్కడి క్రీడా పత్రికలకు దాదాపు వందేళ్ళు పట్టింది. మన సిరాజ్ 2025 ఆగస్టులో ఓవల్‌లో అయిదు వికెట్లు తీసి ఆరు పరుగుల తేడాతో టెస్టు గెలిపించాడు. ఒకవేళ ఆ మ్యాచ్ ఇంగ్లండ్ గెలిచేసి ఉన్నా అతని పేరు పక్కన ‘ఓటమి 1’ అని ఎవరూ రాసేవారు కాదు. వికెట్లు వికెట్లే, ఫలితం జట్టుది.

చమత్కారం ఏమిటంటే, బేస్‌బాల్‌కు ఈ లెక్కల పిచ్చి అంటించినవాడు క్రికెట్ విలేకరే. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వచ్చిన హెన్రీ చాడ్విక్ న్యూయార్క్ పత్రికలకు మొదట రాసింది క్రికెట్ వార్తలే. ఆ స్కోరుకార్డు అలవాటుతోనే బేస్‌బాల్‌కు బాక్స్ స్కోరు తయారు చేశాడు. స్ట్రైకౌట్‌కు ‘కే’ అన్న అక్షరం పెట్టిందీ ఆయనే. 1938లో ఆయన్నూ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

అయితే గెలుపును పిచర్ ఖాతాలో రాయడం ఆ రోజుల్లో మరీ అన్యాయమేమీ కాదు. అవార్డుకు ఎవరి పేరు పెట్టారో ఆ సై యంగ్ 1890 నుంచి 1911 వరకు ఆడాడు. 815 మ్యాచ్‌లు మొదలుపెట్టి, వాటిలో 749 మ్యాచ్‌లను చివరి బంతి దాకా తానే విసిరాడు. మ్యాచ్ మొత్తం ఒక్కడే మోసినప్పుడు గెలుపులో సింహభాగం అతనిదే అనుకోవడంలో తప్పులేదు. అతని 511 గెలుపులు ఇప్పటికీ రికార్డే. ఇక ముందూ ఉంటుంది. తర్వాత రిలీఫ్ పిచర్లు వచ్చారు. మొదట విసిరినవాడు కనీసం అయిదు ఇన్నింగ్స్ పూర్తిచేసి, తన జట్టు ఆధిక్యంలో ఉండగా దిగి, ఆ ఆధిక్యం చివరిదాకా నిలిస్తేనే గెలుపు అతని ఖాతాలోకి వస్తుంది. వెనక వచ్చినవాడు చెడగొడితే పోయినట్టే. పైగా చెడగొట్టినవాడికే, ఆ తర్వాత సొంత జట్టు పుంజుకుంటే, గెలుపు దక్కే సందర్భాలూ ఉన్నాయి. ప్రొడక్షన్‌లో బగ్ పెట్టినవాడే రాత్రికి సరిచేసి అభినందన మెయిల్ అందుకోవడం లాంటిది. మన ఆఫీసులు తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరం అక్కర్లేదు.

1990లో అమెరికన్ లీగ్ సై యంగ్ అవార్డు ఓక్లండ్ పిచర్ బాబ్ వెల్చ్‌కు వచ్చింది. 27 గెలుపులు, 6 ఓటములు, ఈఆర్ఏ 2.95. బోస్టన్‌లో రోజర్ క్లెమెన్స్ అదే ఏడు 21 గెలిచి 6 ఓడాడు, ఈఆర్ఏ 1.93. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒక పరుగు తేడా అంటే చిన్నది కాదు. అయినా 27 అన్న అంకె ముందు అది కనిపించలేదు.

మలుపు 2010లో వచ్చింది. సియాటిల్ మెరైనర్స్‌కు ఆడే ఫెలిక్స్ హెర్నాండెజ్‌ను అక్కడివాళ్ళు ‘కింగ్ ఫెలిక్స్’ అనేవారు. రెడ్మండ్, బెల్‌వ్యూ వైపు ఆ రోజుల్లో ఉన్న మనవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తర్వాతి ఏడు నుంచి అతను విసిరే రోజున స్టేడియంలో ఒక మూల మొత్తం పసుపు టీషర్టులతో, చేతుల్లో ‘కే’ అట్టలతో నిండిపోయేది. 2010లో మెరైనర్స్ 101 మ్యాచ్‌లు ఓడింది. సీజన్ మొత్తానికి 513 పరుగులే చేసింది. అలాంటి జట్టులో ఫెలిక్స్ 249 ఇన్నింగ్స్‌కు పైగా విసిరి 2.27 ఈఆర్ఏ తెచ్చుకున్నాడు. గెలుపోటములు 13-12. పోటీలో న్యూయార్క్ యాంకీస్ పిచర్ సీసీ సబాథియా ఉన్నాడు, అతనివి 21-7. ఓటర్లలో 28 మందికి 21 మంది ఫెలిక్స్‌కే మొదటి స్థానం ఇచ్చారు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ 10-9తో, 1.70 ఈఆర్ఏతో గెలిచేనాటికి ఇక వాదన కూడా మిగల్లేదు. 30 మందిలో 29 మంది అతనికే వేశారు.

ఇదంతా ఒక సీజన్ తీర్పు. ఇక కెరీర్ తీర్పు చూద్దాం.

న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌కు పదేళ్ళ అనుభవమున్న బేస్‌బాల్ విలేకరులు ఓటు వేస్తారు. 75 శాతం రావాలి. పదేళ్ళ వరకు పేరు బ్యాలెట్‌లో ఉంటుంది. ఏ ఏడాదైనా 5 శాతం రాకపోతే పేరు తీసేస్తారు. 2025 జనవరిలో సబాథియా, ఫెలిక్స్ ఇద్దరూ మొదటిసారి బ్యాలెట్‌లోకి వచ్చారు. సబాథియాకు 86.8 శాతం ఓట్లు వచ్చాయి, మొదటిసారే లోపలికి వెళ్ళాడు. ఫెలిక్స్‌కు 20.6 శాతం. సబాథియాది 251 గెలుపులు, 3.74 ఈఆర్ఏ. ఫెలిక్స్‌ది 169 గెలుపులు, 3.42 ఈఆర్ఏ.

సబాథియా అనర్హుడని నేననడం లేదు. 2008లో సీజన్ మధ్యలో మిల్వాకీకి వెళ్ళి, చివర్లో మూడేసి రోజుల విశ్రాంతితోనే మళ్ళీ మళ్ళీ విసిరి, 17 మ్యాచ్‌లలో ఏడింటిని తానే ముగించిన మనిషి అతను. 3,500 ఇన్నింగ్స్‌కు పైగా మోశాడు. ఫెలిక్స్ చేయి ముప్పై ఏళ్ళకే అలసిపోయింది, చివరి సంవత్సరాలు చూడలేకపోయాం. తేడా ఉంది. కానీ 86కీ 20కీ మధ్య ఉన్నంత తేడా ఉందా? ఆ దూరంలో పెద్ద భాగం 251కీ 169కీ మధ్య దూరమే. 2010లో చెల్లదని పక్కన పెట్టిన నాణేన్నే 2025లో మళ్ళీ బల్ల మీద పెట్టారు.

కొత్త లెక్కలు న్యాయం చేసిన సందర్భం చెప్పాలంటే బర్ట్ బ్లైలెవెన్. 287 గెలుపులు, 250 ఓటములు, 3,701 స్ట్రైకౌట్లు, 60 షటౌట్లు. 300 గెలుపుల గీతకు 13 తక్కువ. ఆ పదమూడే అతని మెడకు చుట్టుకుంది. 1999లో 14.1 శాతం ఓట్లే వచ్చాయి. అప్పట్లో బ్యాలెట్ మీద పదిహేనేళ్ళు ఉండనిచ్చేవారు కాబట్టి సరిపోయింది. కొందరు అభిమానులు కొత్త గణాంకాలు పట్టుకుని, అతను ఆడిన జట్లు ఎంత బలహీనమైనవో, అతను ఆపిన పరుగులు ఎన్నో ఏళ్ళ తరబడి రాస్తూ పోయారు. పద్నాలుగో ప్రయత్నంలో, 2011లో, 79.7 శాతం వచ్చాయి. 1992 తర్వాత అతను ఒక్క బంతి వేయలేదు. మారింది ఓటర్ల కళ్ళద్దాలే.

అదే కాలపు జాక్ మారిస్ కథ దీనికి తలకిందులు. 254 గెలుపులు, కానీ ఈఆర్ఏ 3.90. పాత అభిమానులు ‘‘గెలవడం తెలిసినవాడు’’ అన్నారు. కొత్త లెక్కలవాళ్ళు ‘‘వెనక మంచి జట్టు ఉన్నవాడు’’ అన్నారు. విలేకరుల ఓటింగ్‌లో పదిహేనేళ్ళూ గడిచిపోయాయి, రాలేదు. చివరికి 2017 డిసెంబరులో 16 మంది సభ్యుల కమిటీలో 14 ఓట్లతో లోపలికి వెళ్ళాడు. అతని గురించి మళ్ళీ చెప్పాల్సి ఉంది.

కొత్త లెక్కల్లో అన్నిటికంటే పెద్దది ‘వార్’. పేరు అలా ఉంది గాని యుద్ధంతో సంబంధం లేదు, దాని చుట్టూ జరిగేది మాత్రం యుద్ధమే. ఫలానా ఆటగాడి బదులు మైనర్ లీగ్ నుంచి ఎవరో ఒక సాదాసీదా ఆటగాణ్ణి తెచ్చి పెడితే జట్టు ఎన్ని మ్యాచ్‌లు తక్కువ గెలిచేది? ఆ అంచనాయే వార్. ఈ లెక్కలో బ్లైలెవెన్ కెరీర్ విలువ తొంభై దాటుతుంది. మారిస్‌ది నలభై మూడు, నలభై నాలుగు దగ్గర ఆగుతుంది.

కానీ వార్ ఒక్కటి కాదు. ప్రధానంగా రెండు వెబ్‌సైట్లు దీన్ని లెక్కిస్తాయి. బేస్‌బాల్ రిఫరెన్స్ వాళ్ళు పిచర్ నిజంగా ఇచ్చిన పరుగులతో మొదలుపెట్టి, వెనక ఫీల్డర్లు ఎంత మంచివాళ్ళో, మైదానం ఎలాంటిదో చూసి సవరిస్తారు. ఫాన్‌గ్రాఫ్స్ వాళ్ళు స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్ రన్లు వగైరా పిచర్ చేతిలో ఉన్నవాటితోనే మొదలుపెడతారు. బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి అవుటవుతుందా, హిట్ అవుతుందా అన్నది పిచర్ చేతుల్లో పెద్దగా లేదని 2001లో వోరస్ మెక్‌క్రాకెన్ అనే ఆయన వాదించాడు. ఫాన్‌గ్రాఫ్స్ పద్ధతి ఆ వాదన మీద కట్టినది. దాంతో ఒకే పిచర్, ఒకే సీజన్, రెండు చోట్ల రెండు రకాల విలువలు. 2013 దాకా అసలు ఆ ‘సాదాసీదా ఆటగాడు’ ఎంత సాదాసీదా అన్న దానిపైనే ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఆ ఏడు కూర్చుని ఒప్పందానికి వచ్చారు: అలాంటి ఆటగాళ్ళతోనే నిండిన జట్టు 162 మ్యాచ్‌లలో దాదాపు 48 గెలుస్తుందని. ఆ ఒక్క నిర్ణయంతో, ఎప్పుడో చనిపోయిన ఆటగాళ్ళ కెరీర్ విలువలు కూడా రాత్రికి రాత్రి మారిపోయాయి.

కోడ్ రాసి బతికేవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఫార్ములా కొత్త వెర్షన్ వస్తే పాత డేటా మీద మళ్ళీ నడుపుతారు. మంచి పద్ధతే. నాకు నచ్చనిది, ఆ వచ్చిన అంకెను దశాంశ స్థానంతో సహా పట్టుకుని ‘‘ఇతనికి 61.2, అతనికి 58.9, కాబట్టి ఇతనే గొప్ప’’ అనడం. రెండు టీముల స్టోరీ పాయింట్లు పోల్చకూడదని ప్రతి స్క్రమ్ మాస్టరూ చెబుతాడు. ప్రతి మేనేజరూ పోలుస్తాడు. వార్‌తో జరుగుతున్నదీ అదే. రెండు మూడు పాయింట్ల తేడా అంటే సమానమనే అర్థం.

రికార్డు పుస్తకం రాతిమీద చెక్కినదేమీ కాదు, ఎప్పుడూ కాలేదు. ఈఆర్ఏ అధికారిక లెక్క అయింది 1912, 1913లలో. ‘సేవ్’ అయింది 1969లో. 1959 మే 26న పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హ్యాడిక్స్ మిల్వాకీలో 12 ఇన్నింగ్స్ పాటు వచ్చిన 36 మంది బ్యాటర్లనూ వచ్చినట్టే పంపేశాడు. ఒక్కడూ మొదటి బేస్ చేరలేదు. అతని జట్టు మాత్రం ఒక్క పరుగూ చేయలేకపోయింది. పదమూడో ఇన్నింగ్స్‌లో 1-0తో ఓడాడు. 1991లో ఒక కమిటీ కూర్చుని, మ్యాచ్ ముగిసేదాకా హిట్ ఇవ్వకపోతేనే నో హిట్టర్ అని నిర్వచనం బిగించింది. ముప్పై రెండేళ్ళ తర్వాత హ్యాడిక్స్ పేరు పర్ఫెక్ట్ గేమ్‌ల జాబితా నుంచి పోయింది. ఆ రాత్రి అతను చేసింది చరిత్రలో మరొకరు చేయలేదు, కానీ జాబితాలో లేదు.

అదే పుస్తకాన్ని 2024 మేలో మళ్ళీ తెరిచారు. ఈసారి మంచి పనికి. నల్లజాతి ఆటగాళ్ళను మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు ఆడుకున్న నీగ్రో లీగ్‌ల గణాంకాలను మేజర్ లీగ్ అధికారిక రికార్డుల్లో కలిపారు. శాచెల్ పేజ్‌ను క్లీవ్‌లండ్ జట్టు 1948లో తీసుకునేనాటికి అతనికి 42 ఏళ్ళు. అధికారిక పుస్తకం ప్రకారం అతని కెరీర్ నలభై రెండో ఏట మొదలైనట్టు. ఇప్పుడు 1944లో కాన్సస్ సిటీ మోనార్క్స్ తరఫున అతను సాధించిన 1.01 ఈఆర్ఏ, ఒక సీజన్‌లో అత్యుత్తమమైన వాటిలో మూడోదిగా నిలిచింది. లెక్కలు మారడం అంటేనే చిరాకుపడేవాళ్ళు ఈ ఒక్క మార్పునూ తలచుకోవాలి. అన్ని మార్పులూ కంప్యూటర్ కుర్రాళ్ళ గారడీలు కావు.

కాలాన్ని బట్టి అంకెను చదవడం కూడా కొత్త లెక్కలు నేర్పిన మంచి అలవాటే. 1968లో సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1.12. అదే ఏడు డెట్రాయిట్‌లో డెన్నీ మెక్‌లెయిన్ 31 గెలిచాడు. పిచర్లు మరీ చెలరేగిపోతున్నారని మరుసటి ఏడు పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించేశారు. 2000లో బోస్టన్ పిచర్ పెడ్రో మార్టినెజ్ ఈఆర్ఏ 1.74. గిబ్సన్ అంకె కన్నా పెద్దదే. కానీ అది హోమ్ రన్లు వానలా కురుస్తున్న కాలం. తోటివాళ్ళ సగటుతో పోల్చి చూస్తే గిబ్సన్ సీజన్ కన్నా పెడ్రోది ఇంకా గొప్పది. నేను చూసిన పిచర్లలో నా ఓటు అతనికే.

ఇక నా రెండో అనుమానం. గెలుపుల లెక్క పోయిందని సంబరపడుతుంటే, దాని వెనకే ఇంకోటి కూడా జారిపోతోంది. అదే మోత. ఎన్ని ఇన్నింగ్స్ మోశాడన్నది.

1991 అక్టోబరు 27న మినియాపోలిస్‌లో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, స్కోరు 0-0. మిన్నెసోటా మేనేజర్ టామ్ కెల్లీ ఇక చాలన్నాడు. జాక్ మారిస్ దిగనన్నాడు. పదో ఇన్నింగ్స్ కూడా తానే విసిరాడు. 1-0తో ట్రోఫీ మిన్నెసోటాది. సరిగ్గా 29 ఏళ్ళకు, 2020 అక్టోబరు 27న, మా డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో, కోవిడ్ వల్ల తటస్థ మైదానంలో జరిగిన వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. టాంపా బే పిచర్ బ్లేక్ స్నెల్ 73 బంతులే వేశాడు. ఇచ్చినవి రెండు హిట్లు, స్ట్రైకౌట్లు తొమ్మిది. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మొదటి ముగ్గురు బ్యాటర్లు అతనికి ఆరుసార్లు ఎదురై ఆరుసార్లూ స్ట్రైకౌట్ అయ్యారు. స్కోరు 1-0, ఆరో ఇన్నింగ్స్‌లో ఒకడు అవుట్. మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బంతి తీసుకున్నాడు. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనే బ్యాటర్ బాగా కొడతాడని లెక్కలు చెబుతాయి. అది నిజమే కూడా. డాడ్జర్స్ 3-1తో గెలిచి టైటిల్ ఎత్తుకుపోయింది.

సగటు లెక్క ఆ రాత్రి ఆ మనిషి ఎలా విసురుతున్నాడో చెప్పదు. అది పోనీ. అసలు సమస్య, అయిదున్నర ఇన్నింగ్స్ బ్రహ్మాండంగా వేసేవాణ్ణే తయారు చేసి, ఆ తర్వాత అయిదున్నర ఇన్నింగ్స్ లెక్కతోనే గొప్పవాణ్ణి ఎంచుతున్నాం. 2021 నేషనల్ లీగ్ సై యంగ్‌లో మిల్వాకీ పిచర్ కార్బిన్ బర్న్స్ 2.43 ఈఆర్ఏతో 167 ఇన్నింగ్స్ వేశాడు. ఫిలడెల్ఫియా పిచర్ జాక్ వీలర్ 2.78తో 213 వేశాడు. మొదటి స్థానం ఓట్లు చెరి పన్నెండు. మొత్తం పాయింట్లలో బర్న్స్ 151-141తో గెలిచాడు. నేనైతే వీలర్‌కే వేసేవాణ్ణి. ఆ 46 ఇన్నింగ్స్ ఎవరో ఒకరు వేయాలి కదా. మిల్వాకీలో వేరేవాళ్ళు వేశారు.

2024లో మొత్తం 30 జట్లూ కలిపి సీజన్ అంతా ఆడితే ఒకే పిచర్ మ్యాచ్ పూర్తిచేసిన సందర్భాలు 28. ఫిలడెల్ఫియాకు 1972లో స్టీవ్ కార్ల్‌టన్ ఒక్కడే 30 పూర్తిచేశాడు. 59 మ్యాచ్‌లే గెలిచిన జట్టులో ఆ ఏడు 27 గెలుపులు అతనివే. 300 గెలుపులు అందుకున్న ఆఖరివాడు రాండీ జాన్సన్, 2009 జూన్‌లో. మొత్తం 24 మంది. ఇరవై అయిదోవాడు వస్తాడని నేను అనుకోవడం లేదు. నలభై దాటీ విసురుతున్న జస్టిన్ వెర్లాండర్ 2025 సీజన్ ముగిసేనాటికి 266 దగ్గరున్నాడు. 3,000 స్ట్రైకౌట్లు దాటిన క్లేటన్ కెర్షా 223తో 2025లో ఆట ముగించాడు. ఈఆర్ఏ 2.53 ఉన్న కెర్షాకు ఏ లెక్కతో చూసినా ఢోకా లేదు. తంటా అంతా అతని తర్వాతి వాళ్ళతోనే.

ఈ లెక్కల మార్పు హాల్ ఆఫ్ ఫేమ్ గోడల దగ్గర ఆగదు, మన ఇళ్ళలోకీ వస్తోంది. మా వైపు ఫ్రిస్కో, ప్రాస్పర్ మైదానాల్లో శనివారం పొద్దున చూడండి, ప్రతి జట్టులోనూ ఇద్దరు ముగ్గురు మన పిల్లలుంటారు. తల్లి భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ టెక్సస్ రేంజర్స్ పిచర్ అయ్యాక ఆ ఉత్సాహం ఇంకాస్త పెరిగింది. కంచె వెనక ఎవరో ఒక నాన్న చేతిలో రాడార్ గన్ ఉంటుంది. గంటకు ఎన్ని మైళ్ళు? ఇప్పుడు అదొక్కటే అంకె. లిటిల్ లీగ్‌లో పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 85 బంతుల పరిమితి ఉంది. కానీ ఆ 85నీ ప్రాణం పెట్టి విసిరితే పరిమితి ఏం కాపాడుతుంది? పిచర్ల గాయాలపై మేజర్ లీగే 2024 డిసెంబరులో ఒక నివేదిక విడుదల చేసింది. వేగం కోసం వెంపర్లాట, ప్రతి బంతినీ శక్తికొద్దీ విసరడం, ఇవే ప్రధాన కారణాలని అందులో ఉంది.

మోచేతి ఆపరేషన్‌కు పేరిచ్చిన టామీ జాన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని మోచేతిలో స్నాయువు మార్చేనాటికి అతను గెలిచినవి 124. తర్వాత 164 గెలిచాడు. మొత్తం 288. వేగంతో కాదు, బంతిని కిందకు దించి బ్యాటర్ చేత నేలమీదకు కొట్టించే నేర్పుతో. అతనికి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరకలేదు. పాత లెక్క ప్రకారం 300కు 12 తక్కువ, కొత్త లెక్క ప్రకారం స్ట్రైకౌట్లు తక్కువ. రెండు తరాల తూకంరాళ్ళూ కలిసి ఒకే మనిషిని తేలగొట్టాయి.

నన్ను అడిగితే ఓటరు చూడాల్సినవి ఎక్కువేం లేవు. తన కాలపు పిచర్లలో ఇతను ఎన్నేళ్ళు ముందు వరసలో ఉన్నాడు? ఆ ఏళ్ళలో తోటివాళ్ళ కన్నా ఎన్ని ఇన్నింగ్స్ ఎక్కువ మోశాడు? గెలుపోటముల గడిని చేత్తో మూసేసి చూడాలి. వార్‌ను చూడొచ్చు, గుంపులుగా విడగొట్టడానికి. వరస నంబర్లు వేయడానికి కాదు. ఇలా చూస్తే ఫెలిక్స్ లోపలే ఉంటాడు. దీనికి పూర్వ ఉదాహరణ లేకపోలేదు. శాండీ కోఫాక్స్ 165 గెలుపులతో, మోచేయి సహకరించక ముప్పై ఏళ్ళకే ఆట మానేస్తే 1972లో మొదటి ఓటింగ్‌లోనే తీసుకున్నారు. ఫెలిక్స్ కన్నా నాలుగు తక్కువ.

ఫెలిక్స్‌కు రెండో ఏడు ఓట్లు 40 శాతం దాటాయి. ఇంకా ఎనిమిది అవకాశాలున్నాయి కాబట్టి అతని సంగతి నాకు బెంగ లేదు. నా బెంగ యోహన్ సంతానా గురించి. మిన్నెసోటా తరఫున 2004, 2006 రెండేళ్ళూ సై యంగ్ గెలిచినవాడు, కొన్నేళ్ళు అమెరికన్ లీగ్‌లో అతనికి సాటి లేదు. భుజం పోయింది. కెరీర్ 139 గెలుపుల దగ్గర ఆగింది. 2018లో కిక్కిరిసిన బ్యాలెట్‌లో 2.4 శాతం వచ్చి, మొదటి ఏడే పేరు కొట్టేశారు. బ్లైలెవెన్‌కు దొరికిన పద్నాలుగేళ్ళ వాదన అతనికి దొరకలేదు. ఇక మిగిలింది మారిస్‌ను తీసుకున్న లాంటి 16 మంది కమిటీ. అక్కడ 12 ఓట్లు రావాలి. ఆ గదిలో అతని కాగితం బల్ల మీదకు వచ్చేనాటికి డిగ్రామ్ పేరు కూడా విలేకరుల బ్యాలెట్‌లోకి వచ్చేస్తుందేమో. 2025 సీజన్ ముగిసేనాటికి డిగ్రామ్ గెలుపులు ఇంకా వంద కూడా కాలేదు.